ఔరేపల్లె లెక్కలు

మేం ఉండే గడ్డిఅన్నారం విజయవాడ రోడ్డును ఆనుకునే ఉంటుంది. ఇదే రోడ్డు పట్టుకుని పడమటికి, నగరమంతా దాటి పోతే పటాన్‌చెరు వస్తుంది. తూర్పుకి రెండు స్టాపులు పోతే ఎల్బీ నగర్. అక్కడ సాగర్ రోడ్డు చీలి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా దక్షిణానికి పోతుంది. మాడ్గుల, దేవరకొండ దిక్కు జనం నగరంలోకి దిగేది ఈ రోడ్డు మీదుగానే. దిగినవాళ్లలో చాలామంది ఇక్కడే సరూర్‌నగర్, హయత్‌నగర్ చుట్టుపక్కల గదులు తీసుకుని ఉండిపోతారు. మేస్త్రీ పని, సెంట్రింగ్, వాచ్‌మన్ ఉద్యోగం. 2021లో బాటసింగారం తరలిపోయేదాకా మా పండ్ల మార్కెట్‌లో హమాలీ పని కూడా ఉండేది.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పెద్దాయన మాడ్గుల దిక్కువాడే. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాన్ని, కరెంటు పోయిందని సెల్లార్‌లో కుర్చీ వేసుకుని తిరగేస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఏం పుస్తకం సార్?”

“మీ దిక్కు ఊరి గురించే పెద్దాయనా. ఒక అమెరికా ఆయన, ఒక ఆస్ట్రేలియా ఆయన కలిసి రాశారు.”

“మా దిక్కు ఊర్ల ఏమున్నదని రాసిండ్రు?”

“ఎవరికెంత పొలం ఉంది, ఎంత పండింది, ఏం తిన్నారు, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారు...”

“అప్పు సంగతి గూడ రాసిండ్రా?” అని నవ్వాడు. కాసేపాగి, “రాసుకుంటే ఏమొస్తది సార్?” అన్నాడు.

ఆ ప్రశ్నకి నేను వెంటనే చెప్పగలిగిన జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

పుస్తకం పేరు ‘విలేజ్ అండ్ హౌస్‌హోల్డ్ ఎకానమీస్ ఇన్ ఇండియాస్ సెమీ-ఆరిడ్ ట్రాపిక్స్’. థామస్ వాకర్, జేమ్స్ ర్యాన్ రాసింది. 1990లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ అచ్చు వేసింది. ఇద్దరూ పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్తలు.

ఇక్రిశాట్ కథ కొంత అందరికీ తెలిసిందే. 1960లో ఫిలిప్పీన్స్‌లో వరికి, 1966లో మెక్సికోలో గోధుమ, మొక్కజొన్నలకి అంతర్జాతీయ పరిశోధనా కేంద్రాలు వెలిశాయి. వాటి నుంచి వచ్చిన పొట్టి వంగడాలు నీళ్లున్నచోట పంట దిగుబడిని మార్చేశాయి. నీళ్లు లేనిచోట ఏమీ మారలేదు. ఆకాశం వైపు చూసి విత్తనం వేసే రైతుకి హరిత విప్లవం పక్క జిల్లా వార్త. ఆ లోటు పూడ్చడానికి, 1971లో దాతల దేశాలూ ప్రపంచ బ్యాంకూ ఫోర్డ్ ఫౌండేషనూ ఐక్యరాజ్యసమితి సంస్థలూ కలిసి పెట్టుకున్న సీజీఐఏఆర్ అనే కూటమి, మెట్ట పంటల కోసం 1972లో మొదలుపెట్టిన కేంద్రం ఇది. జొన్న, సజ్జ, శనగ, కంది దాని పంటలు. కొన్నాళ్లకి వేరుశనగ కలిసింది. పటాన్‌చెరు దగ్గర 1,394 హెక్టార్ల భూమిని ప్రభుత్వం ఇచ్చింది. అందులో నల్లరేగడీ ఉంది, ఎర్రనేలా ఉంది. ఆ రెండూ ఒకేచోట దొరకడమే ఆ స్థలాన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణం. ఆ భూమిలో ఉన్న మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు లేచి వేరేచోటికి పోవాల్సి వచ్చింది. అంతర్జాతీయ సహకారం అనగానే ఎవరు డబ్బిచ్చారు, ఎవరు సంతకం పెట్టారు అని రాస్తాం గానీ, మొదటి విరాళం ఆ రెండు ఊళ్లది.

సంస్థలో మొక్కల శాస్త్రవేత్తలు, నేల శాస్త్రవేత్తలు ఎలాగూ ఉన్నారు. వాళ్లతోపాటు కొద్దిమంది ఆర్థికవేత్తలూ ఉన్నారు. వాళ్లు అడిగిన ప్రశ్న చాలా మామూలుది: మనం ఎవరికోసం విత్తనం తయారు చేస్తున్నామో, ఆ మనిషి ఎలా బతుకుతున్నాడో మనకి తెలుసా? ర్యాన్, రాజస్థాన్ నుంచి వచ్చిన ఎన్.ఎస్. జోధా, మరికొందరు కలిసి 1975 మేలో ఒక పని మొదలుపెట్టారు. మూడు జిల్లాలు, జిల్లాకి రెండు ఊళ్లు. మన మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూర్. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా నుంచి షిరాపూర్, కల్మాన్. అకోలా జిల్లా నుంచి కంజారా, కింఖేడా. ఊరికి 40 ఇళ్లు. అందులో పది భూమిలేని కూలీల ఇళ్లు, మిగతా ముప్పై చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతులవి. మొత్తం 240 ఇళ్లు.

ఔరేపల్లె హైదరాబాద్‌కి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్లు. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 తర్వాత రంగారెడ్డి జిల్లా మాడ్గుల మండలం. ఎర్రనేల, నిలకడలేని వాన, జొన్న, ఆముదం, బావి కింద కాస్త వరి. కల్లు గీసే గౌడ కుటుంబాలు ఎక్కువ.

పని పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే దీని విలువంతా పద్ధతిలోనే ఉంది. మామూలుగా సర్వే అంటే జీపులో వచ్చి, రచ్చబండ దగ్గర నలుగురిని పిలిచి, ‘గత సంవత్సరం ఎంత పండింది?’ అని అడిగి పోతారు. గత సంవత్సరం సంగతి ఎవరికి గుర్తుంటుంది? వీళ్లు అలా చేయలేదు. ప్రతి ఊళ్లో ఒక కుర్రాడిని ఉంచారు. పల్లెటూరి నుంచి వచ్చినవాడు, అక్కడి భాష మాట్లాడేవాడు, వ్యవసాయమో ఆర్థికశాస్త్రమో చదివినవాడు. అతను ఆ ఊళ్లోనే అద్దెకుంటాడు. మూడు నాలుగు వారాలకోసారి ఒక్కో ఇంటికీ పోయి కూర్చుని రాసుకుంటాడు: ఏ చెలకలో ఎన్ని రోజులు అరక కట్టారు, ఎవరు కూలికి పోయారు, ఎంత తెచ్చారు, ఎన్ని శేర్ల గింజలు కొన్నారు, ఎవరి దగ్గర చేబదులు తెచ్చారు, పిల్ల పెళ్లికి ఎంతైంది, ఎద్దు ఎప్పుడు అమ్మారు. కొన్ని ఊళ్లలో పదేళ్లపాటు, 1985 దాకా, ఇలాగే. తర్వాత కొన్నేళ్లు ఆగి, 2001లో అవే ఊళ్లకి మళ్లీ వెళ్లారు.

పదేళ్లు మన ఇంటికి ఒకడు నెలనెలా వచ్చి ‘ఏం తిన్నారు, ఎంత అప్పు చేశారు’ అని అడిగితే మనం ఊరుకుంటామా? మా అపార్ట్‌మెంట్‌లో జనాభా లెక్కల టీచరమ్మ వస్తే తలుపు తీయనివాళ్లున్నారు. ఆ 240 ఇళ్లవాళ్లు తలుపు తీశారు. అప్పు సంగతి బయటపెట్టడం పల్లెలో చిన్న విషయం కాదు. సావుకారికి తెలిస్తే ఒక బాధ, వియ్యంకుడికి తెలిస్తే ఇంకో బాధ.

ఆ తెరిచిన తలుపుల్లోంచి వచ్చిన లెక్కలు ఎక్కడెక్కడికి పోయాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది నాణెం ఆట. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ ఊళ్ల రైతులతో ఆడించాడు. అప్పటికి పుస్తకాల్లో ఒక మాట బాగా పాతుకుపోయి ఉంది: పేద రైతు పిరికివాడు, కొత్తది చూస్తే భయపడతాడు, అందుకే కొత్త విత్తనం వేయడు. నిజమేనా అని తేల్చడానికి ఆయన నోటిమాటగా అడగలేదు, నిజం డబ్బు పెట్టాడు. ఒక కాగితం మీద కొన్ని బేరాలుంటాయి. మొదటి బేరం తీసుకుంటే బొమ్మ పడినా బొరుసు పడినా యాభై రూపాయలు. రెండోది: బొమ్మ పడితే 45, బొరుసు పడితే 95. తర్వాత 40–120, ఆ తర్వాత 30–150, ఇంకా కిందికి 10–190. చివరిది సున్నా లేదా 200. ముందు అర్ధరూపాయితో మొదలుపెట్టి, కొన్ని రోజులు ఆలోచించుకోనిచ్చి, మెల్లగా యాభై రూపాయల ఆట దాకా వచ్చారు. పెద్ద ఆటలో దొరికేది కూలివాడి నెల సంపాదన కంటే ఎక్కువ. అంత డబ్బు ముందున్నప్పుడు ఎవరూ తమాషాకి ఆడరు.

1980లో ఫలితం అచ్చయింది. పెద్ద డబ్బు దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ నడిమి బేరాలే పట్టుకున్నారు. కొంచెం జాగ్రత్త, కొంచెం ధైర్యం. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఉన్నవాడికీ లేనివాడికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. అంటే పేదవాడి గుండె వేరే మట్టితో చేసింది కాదు. పెద్ద రైతు కొత్త విత్తనం వేస్తున్నాడు, చిన్న రైతు వేయడం లేదు అంటే, ఆ తేడా ధైర్యంలోది కాదు. పోయినా మళ్లీ అప్పు పుట్టే అవకాశంలోది. ఈ ఒక్క ముక్క అభివృద్ధి కార్యక్రమాలు నడిపేవాళ్లకి ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. ‘రైతుల్లో చైతన్యం తేవాలి’ అని ఇప్పటికీ మైకుల్లో అంటూనే ఉన్నాం. లోపం చైతన్యంలో లేదని ఔరేపల్లె, ఆ తోటి ఊళ్లు నాణెం ఎగరేసి చెప్పి నాలుగు దశాబ్దాలు దాటింది.

రెండోది రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికన్ 1994లో రాసిన వ్యాసం. ఔరేపల్లె, షిరాపూర్, కంజారా ఊళ్ల లెక్కలు తీసుకుని ఆయన ఒక ప్రశ్న వేశాడు: ఒక ఇంట్లో పంట పోతే, ఇంటాయన మంచం పడితే, ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతుంది? తేలింది ఏమిటంటే, ఊరంతా బాగున్నప్పుడు ఆ ఇల్లూ తింటుంది, ఊరంతా ఎండినప్పుడు ఆ ఇల్లూ ఎండుతుంది. ఒక్క ఇంటికే వచ్చిన కష్టం మాత్రం అనుకున్నంతగా తిండిని తాకడం లేదు. అంటే బీమా కంపెనీ లేని ఊరు తనకు తానే ఒక బీమా. చేబదులు, నాగు తెచ్చుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, చుట్టరికం, ఇవన్నీ కలిసి చేసే పని అది. ప్రపంచంలో ఆర్థికశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ ఈ వ్యాసం చదువుతారు. అందులోనే ఇంకో వాక్యం ఉంది, దాన్ని మనం మరిచిపోకూడదు: మూడు ఊళ్లలో ఒకచోట భూమిలేనివాళ్లకి ఈ రక్షణ తక్కువ. కొన్నేళ్లకి రవాలియన్, చౌధురి అనే ఇద్దరు, తిండి లెక్క కట్టిన తీరులోనే ఇబ్బంది ఉందనీ, సొంత కష్టం ఇంటి తిండిని టౌన్సెండ్ అన్నదానికంటే ఎక్కువే తాకుతోందనీ వాదించారు. పల్లెలో పుట్టినవాడిగా నా మొగ్గు వీళ్లవైపే. ఊరు ఆదుకుంటుంది, నిజమే. అందరినీ ఒకేలా ఆదుకోదు.

ఊరి లోపలి రక్షణ చాలనప్పుడు ఏం చేస్తారో మరికొందరు ఇవే లెక్కల్లో వెతికారు. రోసెన్‌జ్‌వైగ్, స్టార్క్ 1989లో రాసింది చదివితే మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంటుంది: ఆడపిల్లని దూరపు ఊరికి ఇవ్వడంలో కూడా ఒక లెక్క ఉంది. ఇక్కడ వాన పడకపోతే అక్కడైనా పడుతుంది. వియ్యాలవారి ఊరు కష్టకాలంలో ఒక ఆసరా. రోసెన్‌జ్‌వైగ్, వోల్పిన్ ఎద్దుల గురించి రాశారు. కరువు వస్తే ఎద్దుని అమ్ముకుని తింటారు, తర్వాత వాన పడ్డాక దున్నడానికి ఎద్దు ఉండదు. పస్తు తప్పించుకోవడానికి పంటనే అమ్ముకున్నట్టు. జాకబీ, స్కౌఫియాస్ 1997లో బడి సంగతి తేల్చారు: ఇంటి రాబడి పడిపోయినప్పుడు పిల్లలు బడి మానుతున్నారు. పిల్లవాడి హాజరుపట్టీ కూడా ఆ ఇంటికి ఒక ఎద్దులాంటిదే. జోధా ఊళ్ల బంచరాయి భూముల వెంట పడ్డాడు. ఆ ఊళ్లతో ఆగకుండా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాలు తిరిగి, పేదవాడి కట్టెలు, గడ్డి, మేకల మేత ఎక్కువగా వచ్చేది ఆ ఉమ్మడి భూమి నుంచేననీ, అదే అన్నిటికంటే వేగంగా కరిగిపోతోందనీ 1986లో చూపించాడు.

ఇక సంస్థకి ఈ ఊళ్లు నేర్పిన పాఠం ఒకటుంది. ఎద్దులు లాగే చక్రాల పనిముట్టు ఒకదాన్ని ఇక్రిశాట్ ఎంతో నమ్మకంతో ముందుకి తెచ్చింది. పేరు ట్రాపికల్చర్, జాన్ నోల్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఆలోచన. దున్నడం, విత్తడం, కలుపు తీయడం, బండిలా సామాను మోయడం, అన్నీ ఒకే చట్రంతో. ఎత్తు మడులు, కాలువలతో కలిపి మెదక్ జిల్లా తాడ్దన్‌పల్లి నల్లరేగడిలో 1981–82లో దీన్ని రైతుల పొలాల్లో వాడి చూపించారు. పనిముట్టు పనిచేసింది, అందులో అనుమానం లేదు. కానీ గుంటక, గొర్రుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఖరీదు. పాల్ స్టార్కీ అనే ఆయన ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఇలాంటి పనిముట్ల చరిత్ర మొత్తం తవ్వి 1988లో ఒక పుస్తకం వేశాడు. దాని ఉపశీర్షికకి అర్థం ‘లోపం లేకుండా తయారైంది, అయినా ఎవరూ తీసుకోలేదు’ అని. విదేశీ సాయంతో వచ్చిన ఎన్నో వస్తువుల సమాధి మీద చెక్కదగిన మాట. తయారుచేసినవాడు పొలంలో పరీక్షించాడు గానీ, రైతు ఇంటి లెక్కలో పరీక్షించలేదు. ఔరేపల్లె లాంటి ఊళ్లలో రాసుకున్న చిట్టాలు సరిగ్గా ఆ రెండో పరీక్షకి పనికొచ్చేవి.

అంతర్జాతీయ సహకారం గురించి మనకున్న బొమ్మ ఎప్పుడూ ఒకవైపే పారుతుంది. అక్కడి నుంచి డబ్బు, యంత్రం, నిపుణుడు వస్తాయి. ఇక్కడ చేతులు చాపి తీసుకుంటాం. ఔరేపల్లె విషయంలో ధార తిరగబడింది. ఇచ్చింది ఊరు. ఇక్కడ నేర్చిన పద్ధతితో ఇక్రిశాట్ 1980ల్లో పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో, నైజర్ ఊళ్లలో ఇలాంటి అధ్యయనాలే పెట్టింది. టౌన్సెండ్ థాయిలాండ్ వెళ్లి 1997 నుంచి అక్కడి ఊళ్లలో ఏళ్ల తరబడి నడిచే సర్వే మొదలుపెట్టాడు. 2009లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో మన దేశపు తూర్పు రాష్ట్రాలకీ బంగ్లాదేశ్‌కీ ఈ పని పాకింది. మొత్తం 42 ఊళ్లు.

మరి ఔరేపల్లెకి ఏమొచ్చింది? నిజాయితీగా లెక్క కడితే తక్కువే అనిపిస్తుంది. ఊళ్లో డబ్బు తెచ్చే పంట ఆముదం. ఆముదం ఇక్రిశాట్ పంటల జాబితాలో లేదు! ప్రపంచంలో అంత క్షుణ్ణంగా చదవబడ్డ ఊరి ప్రధాన పంట, చదివిన సంస్థ పరిశోధించే పంట కాదు. దీనికి సంస్థని తప్పుపట్టలేం. పంటల పంపకం పైన ఎక్కడో జరిగింది. తెగులు తట్టుకునే కంది రకాలు, కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో శనగ సేద్యాన్నే మార్చేసిన జేజీ 11 లాంటివి ఆ కేంద్రం, మన విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన మంచి పనులే. అవి లక్షల ఎకరాలకి మేలు చేశాయి. కానీ ఆముదం చేను దగ్గర కూర్చుని లెక్క చెప్పిన మనిషికి మాత్రం అవి దూరపు చుట్టాలు.

2001లో తిరిగి వెళ్లినప్పుడు ఊరు మారిపోయి ఉంది. ఔరేపల్లె, డోకూర్ రెండిటి పాతికేళ్ల మార్పు మీద ఇక్రిశాట్ పరిశోధకులు రాసిన పత్రాన్ని 2002లో లండన్‌లోని ఓవర్సీస్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వేసింది. ఇంటి రాబడిలో సేద్యం వాటా పడిపోయింది. వరస కరువులతో డోకూర్ జనానికి వలసే పెద్ద ఆధారమైంది. పాలమూరు లేబర్ అనే మాట దేశంలో ఏ డ్యామ్ దగ్గర అడిగినా తెలుసు. ఆ మాట వెనకున్న ఇంటింటి చిట్టా ఇక్కడుంది. ఔరేపల్లెలో ఆముదాన్ని పత్తి తోసేసింది, బావుల్ని బోర్లు తోసేశాయి.

ఆ చిట్టాల్లో మనుషుల పేర్లుండవు. ఇంటికి ఒక నంబరు. అది న్యాయమే, అప్పుల సంగతి కదా. ఇప్పుడవి కంప్యూటరులో ఉన్నాయి. ఏ దేశంలో ఉన్నవాళ్లైనా తీసి చూడవచ్చు. ఏ సంవత్సరం ఏ నంబరు ఇల్లు ఎద్దుని అమ్ముకుందో బోస్టన్‌లో పిల్లవాడు తన గదిలో కూర్చుని చెప్పగలడు.

ఇదంతా మొన్న మా పెద్దాయనకి నాకు చేతనైనట్టు చెప్పాను. వలసల దగ్గర తల ఊపాడు. దూరపు సంబంధాల దగ్గర “మా అక్కను గట్లనే అచ్చంపేట దిక్కు ఇచ్చిండ్రు” అన్నాడు. నాణెం ఆట దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. బేరాలన్నీ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

“పైసలు నిజంగనే ఇచ్చిండ్రా?”

“నిజంగానే ఇచ్చారట.”

“ముప్పై, నూటయాభై. అది పట్టుకుంటుంటి నేనైతే,” అన్నాడు ఆలోచించి. “బొమ్మ పడ్డా ముప్పై ఉంటయి గద. ఆ దినాలల్ల ముప్పై అంటే ఇల్లు కొన్ని దినాలు గడుస్తుండె.”

ఇంతలో నీళ్ల ట్యాంకరు హారన్ కొట్టింది. లేచి గేటు తీయడానికి పోతూ, “ఆ పుస్తకం తెలుగుల ఉంటే ఇయ్యిండ్రి సార్, మా మనుమడు చదువుతడు” అన్నాడు. నా దగ్గరున్నది ఇంగ్లీషుదే అని చెప్పాను.